కాగితం యాడ పెడతావప్పా

హిందూపురం బజారులోని ఫాక్స్ అంగడి మెట్టు నేను చివరిసారి ఎక్కిన రోజు నాకు బాగా జ్ఞాపకం ఉంది. అంగడి ముందర బెంచీ మీద పట్టు వ్యాపారం వాళ్లు కొందరు టీ తాగుతూ కూర్చున్నారు. వాళ్లలో ఇద్దరికి ధర్మవరంలో సొంత మగ్గాలున్నాయి. మా చీరలు కొనే బెంగళూరు సావుకారు నుంచి నాకు ఫాక్స్ వచ్చిందని కబురు వస్తే పోయాను. అంగడతను కాగితాన్ని మిషను నుంచి చింపి, నా చేతికి ఇవ్వకుండా వెలుతురుకు పట్టుకుని అందరికీ వినపడేలా చదివాడు.

“అంచుకు జిగి లేదంట. పోయినసారి చీరలు ఎనిక్కి పంపిస్తాడంట. ఏమప్పా, మీ అన్న యాడ రంగు అద్దిస్తాండాడు?”

బెంచీ మీదవాళ్లు నవ్వారు. ఒకతనికి టీ పొలమారింది కూడా.

“చదివి చెప్పమని నిన్నెవురడిగినారు?” అన్నాను.

“తెరుచుకోని వచ్చే కాగితం అప్పా ఇది. కండ్లు మూసుకోని చింపాల్నా?”

“నాకొచ్చింది నా చేతికియ్యాల.”

“అంత గుట్టుంటే ఇంట్లోనే ఒక మిషను పెట్టుకో పో. మాకూ పీడ పోతుంది.”

పీడ అన్నాడు. అన్నేళ్లుగా ఆ అంగడికే పోతున్న మనిషిని పట్టుకుని అన్నాడు. కాగితం లాక్కుని మెట్టు దిగాను. మళ్లీ ఎక్కనని అక్కడే అనుకున్నాను, ఎక్కలేదు.

మా మగ్గాలు ధర్మవరంలో ఉన్నాయి. నాయన తర్వాత వాటిని అన్న చూసుకుంటున్నాడు. కొంగుకూ అంచుకూ కావలసిన బొమ్మను గడుల కాగితం మీద తన చేత్తోనే గీస్తాడు. దాన్ని బట్టే అట్టలకు చిల్లులు కొట్టిస్తారు, ఆ అట్టలను మగ్గం మీదికి ఎక్కిస్తారు. బెంగళూరు సావుకార్లతో మాట్లాడి ఆర్డర్లు తేవడం నా పని. ధర్మవరం కంటే బెంగళూరుకు దగ్గరని హిందూపురంలో కాపురం పెట్టాను. అన్న గీసిన బొమ్మను ముందు సావుకారు చూసి ఒప్పుకోవాలి. ధర్మవరంలోనే ఫాక్స్ చేయించవచ్చు కదా అని తెలియనివాళ్లు అడుగుతారు. ధర్మవరంలో ఒక కొత్త బొమ్మను ఫాక్స్ అంగట్లో పెడితే, మన మగ్గం ఎక్కేలోపల ఇంకో వీధిలో చీర నేసి మగ్గం నుంచి కోసేసి ఉంటారు. అందుకే నేను నమ్మకమైన మనిషిని పంపితే అన్న ఆ కాగితాన్ని అతని చేతికిచ్చి రైల్లో పంపేవాడు. నేను హిందూపురంలో ఫాక్స్ చేసేవాణ్ణి. సెల్‌ఫోన్లు అప్పటికే కొందరి జేబుల్లోకి వచ్చాయి, నా జేబులోకి రాలేదు. ఈమెయిళ్లూ వచ్చాయి. మా సావుకారు మాత్రం కాగితం తన బల్ల మీదికి వచ్చి పడితే తప్ప నమ్మేవాడు కాదు.

“ఫాక్స్ మిషనొకటి కొంటే పోలేదా?” అంది మా ఆవిడ.

మిషను కొంటే వాడు చెప్పినట్లు విన్నవాణ్ణవుతాను. కొనలేదు. బెంగళూరులో సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి కొన్నాను. అమ్మినతను దాని పక్కన చిన్న రంధ్రం చూపించి, టెలిఫోన్ తీగ ఇక్కడ తగిలిస్తే ఫాక్సులు ఇందులోకే వస్తాయి, ఇందులోంచే పోతాయి అన్నాడు. పోతాయి అన్న మాటను నేను అప్పుడు ఇంకొంచెం గట్టిగా అడిగి ఉండాల్సింది. అతనూ చెప్పి ఉండాల్సింది.

సంగతి బజారుకు పాకింది. ఒకరోజు నేను అంగడి ముందు నుంచి పోతుంటే అతను లోపలి నుంచే పలకరించాడు.

“లాప్‌టాప్ కొన్నావంట కదా. కాగితం యాడ పెడతావప్పా దాంట్లో? మూత తెరిచి మడిచి పెడతావా?”

కడుపుమంట అనుకుని నా దారిన పోయాను.

మా ఇంట్లో ఫోను హాల్లో స్టూలు మీద ఉండేది. దాని పక్కన ఇంకో స్టూలు వేసి లాప్‌టాప్ పెట్టాను. ఫాక్స్ పని చేయించే సామాను దానిలోనే ఉంటుందట కానీ దాన్ని లేపడానికి ఒక సీడీ కావాలంది. సీడీ కోసం మళ్లీ బెంగళూరు పోయి వచ్చాను. తర్వాత నా పేరు అడిగింది, నంబరు అడిగింది, ప్రతి కాగితం తలమీద ఏమని అచ్చు వేయాలో అడిగింది. మా మగ్గాల పేరు వేశాను. ఎన్ని రింగులకు ఫోను ఎత్తాలి అని అడిగిన చోట ఒకటి అని వేశాను. దానికి కారణం ఉంది. అంగడతను కబుర్లలో పడి, రింగు మోగీ మోగీ ఆగిపోయాక గానీ మిషను వైపు చూసేవాడు కాదు. సావుకారు నన్ను తిట్టేవాడు. నా మిషను ఎవరినీ కాయించకూడదు అనుకున్నాను.

అది నిజంగానే ఎవరినీ కాయించలేదు. ఎవరు ఫోను చేసినా మొదటి రింగు పూర్తిగా మోగకముందే ఎత్తి చెవిలో కీచుమని అరిచేది. మా వీధిలో ఫోను ఉన్న ఇల్లు మాదొక్కటే. ఎదురింటి అవ్వ తన బంధువులందరికీ మా నంబరే ఇచ్చి ఉంది. ఆమె కూతురు ముదిగుబ్బలో ఉంటుంది. రెండు రోజులకే అవ్వ మా గడపలోకి వచ్చి కూర్చుంది.

“ఏమబ్బా, నా కూతురు ఫోన్ చేస్తే మీ ఇంట్లో ఏందో పిల్లిని తొక్కినట్లు అరిచిందంట. భయపడి పెట్టేసిందంట.”

“అది ఫాక్సు అవ్వా.”

“యాదైతే ఏమి. నా కూతురికి మనిషి గొంతు కావాల.”

మా ఆవిడ అవ్వకు కాఫీ ఇచ్చి, నా వైపు చూడకుండానే, “ఆయప్పకు మనిషి గొంతు పనికి రాదులే అవ్వా,” అంది.

వాళ్లిద్దరూ ఏమన్నా మొదటి ఫాక్స్ వచ్చేదాకా ఓర్చుకోవాలనుకున్నాను. ఫాక్స్ పంపమని సావుకారుకు చెప్పి, పొద్దున్నుంచీ ఆ స్టూలు ముందే కూర్చున్నాను. లేచి వాకిట్లోకి పోయేవాణ్ణి, ఎవరో పిలిచినట్లనిపించి తిరిగి వచ్చేవాణ్ణి. భోజనం కూడా దాని ముందే చేశాను. తీరా రింగు వచ్చి, లాప్‌టాప్ అరిచి, తెరమీద కాగితం దిగుతున్నట్లు గీత కదిలే సమయానికి లోపలి గదిలో ఉన్న రెండో ఫోను మా ఆవిడ ఎత్తింది. అవ్వ కూతురేమో అనుకుందట. సగం కాగితం వచ్చి ఆగిపోయింది. సావుకారు రెండోసారి పంపాడు. ఈసారి పూర్తిగా వచ్చింది. వీధిలో ఎవరికీ వినపడకుండా, ఎవరూ నవ్వకుండా, నాకొచ్చిన కాగితాన్ని నేనే మొదట చదివాను. ఆ తృప్తి కోసం ఆ కూతలన్నీ భరించవచ్చు అనిపించింది.

అప్పటి నుంచి సావుకారు ఫాక్సులు దానికే వచ్చేవి. జవాబులు ఫోన్లో చెప్పేవాణ్ణి. పంపవలసిన అవసరం రాలేదు కాబట్టి పంపి చూడలేదు.

అన్న సంగతి నాకు తట్టలేదు. మా అన్న ఫోన్లో మాట్లాడడం తక్కువ. సెల్ నుంచి మా ఇంటికి రింగులిచ్చి పెట్టేసేవాడు. ఒక రింగు ఇస్తే చీరలు కోసినట్లు. రెండిస్తే పట్టు అయిపోతున్నట్లు. మూడిస్తే కొత్త బొమ్మ గీయడం అయింది, మనిషిని పంపు అని. మా ఆవిడ వంటింట్లో ఉన్నా రింగులు లెక్కపెట్టి నాకు చెప్పేది. ఏళ్ల తరబడి మా వ్యాపారం ఒక్క మాట ఖర్చు లేకుండా అట్లా నడిచింది. ఇప్పుడు మొదటి రింగుకే లాప్‌టాప్ ఎత్తేస్తుంటే మూడో రింగు ఎక్కడి నుంచి వస్తుంది?

అన్న కొన్నాళ్లుగా చప్పుడు చేయలేదు. నేనూ చేయలేదు. అంతకుముందు సావుకారు ఇంటి పెళ్లిలో ఆయన నన్ను చూపించి ఎవరితోనో, “మా తమ్ముడు. తిరిగే పని చూసుకుంటాడు,” అన్నాడు. ఆర్డర్లు తెచ్చే పని తిరిగే పని అయింది. నేను అది మరిచిపోలేదు. ఆయనే ముందు ఫోను చేయాలి అనుకున్నాను.

ఒక శనివారం పొద్దున సావుకారు ఫాక్స్ వచ్చింది. పెళ్లి చీరల కొంగుకు అడిగిన కొత్త బొమ్మ ఇంతవరకూ రాలేదు, ఈ సాయంత్రం అంగడి మూసేలోగా అందకపోతే ఆర్డరు వేరేవాళ్లకు ఇచ్చేస్తాను అని రాశాడు. ఆ ఆర్డరు మా మగ్గాలన్నిటికీ సరిపడా పని. మగ్గాల మీద పాత పడుగు అయిపోవస్తోంది. కొత్తది ఎక్కకపోతే మా దగ్గర నేసేవాళ్లు వేరే మగ్గాలకు పోతారు. అట్లా పోయినవాళ్లు తిరిగి రారు. వెంటనే అన్నకు ఫోను చేశాను.

“బొమ్మ యాడికొచ్చింది?” అన్నాను.

“గీసి పెట్టి మూడు రోజులాయె. రింగిస్తిని కదరా నీకు.”

“రాలేదు.”

“ఎట్లొస్తుంది? ఒక్క రింగుకే నీ మిషను ఎత్తి నా చెవులో కూసె. మళ్లా చేస్తి, మళ్లా కూసె. చేసినప్పుడల్లా నా సెల్లులో దుడ్లు పాయె. అన్న గొంతు వినేకి ఇష్టం లేక మిషను పెట్టినాడులే అనుకుంటి.”

“ఎవురితోనన్నా కబురు పంపొచ్చు కదా.”

“నువ్వు పంపొచ్చు కదా. తిరిగేవాడివి నువ్వే కదా.”

మళ్లీ అదే మాట. సాయంత్రం గడువు గుర్తొచ్చి సావుకారు రాసింది చెప్పాను. బొమ్మ తీసుకుని హిందూపురం వస్తానన్నాడు. వచ్చి ఏం చేయాలి? లాప్‌టాప్‌ను నాలుగు వైపులా తిప్పి చూశాను. తీగకు రంధ్రం ఉంది, సీడీకి సందు ఉంది. కాగితానికి చోటు లేదు. టైపు చేసిన అక్షరాలు పోతాయి. అన్న గీసిన గడులు, నెమలి, దాని మెడ వంపు ఎట్లా పోతాయి? బజారు అంగడికి పోతే నిమిషంలో పని అయిపోతుందని మా ఆవిడ చెప్పింది. రెండుసార్లు చెప్పింది.

“ఆ మెట్టు ఎక్కను,” అన్నాను.

“మగ్గాలు ఆగితే మీ అన్న కాళ్లు పట్టుకోని ఎక్కిస్తాడు,” అంది. ఆ తర్వాత కాసేపటికి దారి కూడా ఆవిడే చెప్పింది. వాళ్ల తమ్ముడికి పెనుకొండలో ఫోటో స్టూడియో ఉంది. పాత ఫోటోలు బాగు చేయడానికి స్కానర్ పెట్టుకున్నాడు. స్టూడియోలో ఫోను కూడా ఉంది. పెనుకొండ మా ఇద్దరికీ మధ్యన ఉంటుంది. అన్నను అక్కడికే రమ్మన్నాను.

బస్సులో లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీ పక్కన ఎండ, ప్రతి ఊళ్లో ఆగుతుంది, డ్రైవరు ఎవరితోనో మాట్లాడతాడు. టైము అడిగితే పక్కాయన, “పెండ్లికా?” అన్నాడు. పెనుకొండ కొండ కనిపించగానే లేచి నిలబడ్డాను. కనిపించాక కూడా బస్సు చాలా సేపు పోతుంది.

అన్న నాకంటే ముందే వచ్చి స్టూడియో ముందర నిలబడి ఉన్నాడు. గడుల కాగితాన్ని చుట్టగా చుట్టి, ప్లాస్టిక్ కవరు తొడిగి, పైన తువ్వాలు కప్పాడు. నన్ను చూసి మా బామ్మర్ది వైపు తిరిగాడు.

“మీ బావను అడుగప్పా, ఇది మడిచేకి లేదని తెలుసునా అని.”

“నాకు చెవులుండాయి,” అన్నాను.

“చెవులు మిషనుకిచ్చేసినాడు కదా,” అన్నాడు బామ్మర్దితోనే.

“మీ ఇద్దరి నడమ నన్ను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి చేస్తాండారే,” అన్నాడు బామ్మర్ది. “ముందు కాగితం తీయండి.”

కాగితం స్కానరు అద్దం కంటే పెద్దది. మడిస్తే గడులు చెదిరి, అట్టలు కొట్టేవాడు లెక్క తప్పుతాడని అన్న ఒప్పుకోలేదు. చివరికి స్కానరు మూత ఊడదీశారు. అన్న కాగితాన్ని రెండు చేతులతో అద్దం మీద అదిమి పట్టుకున్నాడు. ముందు ఒక సగం, తర్వాత ఇంకో సగం. లోపల వెలుతురు ఆయన వేళ్ల కింది నుంచి నెమ్మదిగా పోయింది. లాప్‌టాప్‌లోకి ఎక్కించి చూస్తే నెమలి తోక పక్కన ఆయన బొటనవేలు కూడా పడి ఉంది. మళ్లీ చేద్దామన్నాడు బామ్మర్ది. టైము లేదన్నాను.

స్టూడియో ఫోను తీగ తీసి లాప్‌టాప్‌కు తగిలించి నంబరు కొట్టాను. రింగు పోయింది. అవతల ఎవరో ఎత్తి “హలో” అన్నారు. లాప్‌టాప్ కూసింది. అవతల పెట్టేశారు. మళ్లీ కొట్టాను. మళ్లీ హలో, మళ్లీ కూత, మళ్లీ పెట్టేశారు. మూడోసారి ఆ ఎత్తిన సావుకారు గుమాస్తా కన్నడంలో ఏదో తిట్టాడు. సావుకారు అంగట్లో ఫాక్సుకూ మాటకూ ఒకటే ఫోను. మనిషి ఎత్తుతాడు. మనం ఫాక్స్ టోన్ ఇవ్వండి అని అడగాలి, అప్పుడు అతను మీట నొక్కుతాడు. బజారు అంగడతను ప్రతిసారీ అడిగేవాడు, నేను విన్నాను. లాప్‌టాప్ ఎట్లా అడుగుతుంది?

ఎండ వీధిలో సగానికి దిగింది. ఇప్పుడు హిందూపురం బజారుకు పోవాలన్నా సావుకారు అంగడి మూసేలోగా అందదు. నేను అదే నంబరు మళ్లీ మళ్లీ కొడుతున్నాను. అన్న స్టూడియోలో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు.

“సావుకారి సెల్లు నంబరు చెప్పు,” అన్నాడు. పెనుకొండ వచ్చాక ఆయన నాతో నేరుగా అన్న మొదటి మాట అది.

చెప్పాను. అన్న తన సెల్లులో కలిపి, సావుకారుకు దండం చెప్పి, ఫోను గుమాస్తాకు ఇప్పించాడు.

“స్వామీ, ఈగ రింగ్ ఆగుత్తె. మాతాడబేడి. టోన్ కొడి,” అన్నాడు. ఇప్పుడు మోగుతుంది, మాట్లాడొద్దు, టోన్ ఇవ్వండి అని. నాకంటే మంచి కన్నడం. ఎక్కడ నేర్చుకున్నాడో నాకు తెలియదు. తర్వాత సెల్లు చెవి దగ్గరే పెట్టుకుని నా వైపు చూశాడు.

“ఒత్తు.”

“ఒత్తినా.”

“రింగవుతాందంట.”

“నాకూ వినపడతాంది.”

“టోన్ ఇచ్చినాడంట. ఏమాయె?”

లాప్‌టాప్ కూసింది. అవతలి నుంచి ఇంకో కూత వచ్చింది. రెండూ కాసేపు పెనుగులాడి ఆగిపోయాయి. తెరమీద చిన్న గీత కదలడం మొదలుపెట్టింది. ముగ్గురం దాన్నే చూస్తూ నిలబడ్డాం. అన్న చెవి దగ్గర సెల్లు తీయలేదు. మొదటి సగం పోయింది. రెండో సగానికి మళ్లీ స్వామీ, మళ్లీ టోన్, మళ్లీ ఒత్తు. అదీ పోయింది. గుమాస్తా రెండూ అందాయన్నాడట. సావుకారు చూసి ఫాక్సులో జవాబిస్తాడట.

“జవాబు యాడికొస్తుంది బావా?” అన్నాడు బామ్మర్ది.

ఇంటికి వస్తుంది. లాప్‌టాప్ పెనుకొండలో ఉంది. ఇంటికి ఫోను చేస్తే మా ఆవిడ ఎత్తింది. ఇప్పుడే ఏదో కూసింది, హలో హలో అని అరిచి పెట్టేశాను అంది. సావుకారుకు చేస్తే ఎత్తలేదు. ఇక చేసేదేమీ లేదు. అన్న కాగితాన్ని మళ్లీ చుట్టి తువ్వాలు కప్పుకున్నాడు.

“ఆర్డరు వస్తే ఒక రింగియ్యి చాలు,” అన్నాడు బస్టాండులో. “రాకపోతే నేను ఎత్తేదాకా మోగనియ్యి. మాట్లాడుకుందాం.”

తిరుగు బస్సు పొద్దుటి దానికంటే నెమ్మదిగా పోయినట్లనిపించింది. హిందూపురం బస్టాండులో దిగీ దిగకముందే, ఆ రోజు బెంచీ మీద కూర్చుని నవ్వినవాళ్లలో ఒకతను ఎదురొచ్చాడు.

“ఏమప్పా, పెండ్లి ఆర్డరు దొరికిందంటనే మీకు,” అన్నాడు.

నాకు రావలసిన కబురు నాకంటే ముందు వాడికి చేరింది. ఎట్లా చేరిందో అడగనక్కర్లేదు. మా ఇంటి నంబరులో ఎవరో హలో అంటుంటే సావుకారు పాత నంబరుకు పంపి ఉంటాడు. నేరుగా బజారుకు పోయాను. అంగడి ముందర రోడ్డు మీదే నిలబడ్డాను.

“పైకి రాప్పా,” అన్నాడు అంగడతను.

“ఈడికే ఇయ్యి.”

“మెట్టు కాలుతాందా?” అని కాగితం తీసి, ఇవ్వకుండా మళ్లీ వెలుతురుకు పట్టుకున్నాడు. “కొంగు బాగుండాదంట. అట్టలు కొట్టించమన్నాడు. ఈడ ఇంకొకటి రాసినాడు చూడు, నెమలి పక్కన ఉండే ఏలు ఎవురిదని అడుగుతాండాడు.”

బెంచీ నిండా నవ్వు. అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మెట్టు మీద నుంచి వంగి నా చేతిలో వేశాడు. నేను చెయ్యి చాచాను కానీ కాలు కదపలేదు.

“నీ మిషనుకు రాలేదా అప్పా?” అన్నాడు వెనక నుంచి.

ఇంటికి వచ్చి లాప్‌టాప్‌ను స్టూలు మీద పెట్టాను. తీగ తగిలించే ముందు రింగుల దగ్గర ఒకటి తీసి నాలుగు వేశాను. అన్నకు ఒక రింగిచ్చి పెట్టేశాను. కాసేపటికి మా ఫోను ఒక్కసారి మోగి ఆగింది. లాప్‌టాప్ చప్పుడు చేయలేదు.

“ఎవరు?” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

“నీకు తెలీదా?” అన్నాను.

ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది. ఫాక్స్ మిషను కాగితం కదా, అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి. బాగుంది అని సావుకారు ఎక్కడ రాశాడో ఇప్పుడు కనిపించదు. ఆ అంగడివాడు పెట్టిన మడతలు మాత్రం అట్లాగే ఉన్నాయి.